‘మిథొపియా’: పదవ్యుత్పత్తి, అర్థపరిణామము

సాహిత్యవిమర్శయందు పరభాషలనుండి వచ్చి చేరిన పారిభాషికపదములు రెండు విధములుగా నుండును. కొన్ని తాము చెప్పదలచిన యర్థమును సూటిగా చెప్పి యూరకుండును. మఱికొన్ని తమ యర్థముతోపాటు దానిని గూర్చి శతాబ్దులుగా జరిగిన వాదములను గూడ మోసికొని వచ్చును. ‘మిథొపియా’ యనునది రెండవ తెగకు చెందినది. దేవతలను గూర్చియు, వీరులను గూర్చియు, జగత్తు పుట్టుకను గూర్చియు గాథలను నిర్మించుట యని దీని స్థూలార్థము. ఈ పదము గ్రీకుభాషలో పుట్టినది. పందొమ్మిదవ శతాబ్దిలో ఆంగ్లచరిత్రకారుల చేతిలో పునర్జన్మ మెత్తినది. ఇరువదవ శతాబ్దిలో కవులకును, ప్రాచీననాగరకతలను పరిశీలించు పండితులకును ఉమ్మడి సొత్తైనది. తెలుగున దీనిని పురాణకల్పన యనవచ్చును, పురాగాథాసృష్టి యనవచ్చును, మిథ్యాకల్పన యనియు ననవచ్చును. పేరు మాఱినంత మాత్రమున విషయము మాఱునా యని యడుగవచ్చును. ఇచ్చట మాఱుచున్నదని చూపుటయే ఈ వ్యాసోద్దేశము.

ఇటీవల నొక పరిశోధకవిద్యార్థి తన సిద్ధాంతవ్యాసమున తొలి ప్రకరణమును నాకు చూపెను. గ్రీకు ‘మూథొస్’ శబ్దమును సంస్కృత ‘మిథ్యా’ శబ్దమును ఒకే ధాతువునుండి పుట్టినవనియు, కావున మిథ్ అనగా నసత్యమే యనియు, తాను పరిశీలింపబోవు గ్రామదేవతాకథలన్నియు నసత్యములే యైనను సాహిత్యదృష్టితో వానిని చూచెదననియు నందు వ్రాసియుండెను. ఈ మాట యెచ్చట దొరికినదని యడిగితిని. “రెండేండ్ల క్రిందట తరగతిలో తమరే చెప్పినారు గదండీ” అని యాతడు వినయముగా బదులు చెప్పెను. నిజమే. ఆ మాటను నేను పలుమాఱులు చెప్పియుంటిని. రెండు శబ్దముల ధ్వనిసామ్యమును చూచి మురిసి, విచారింపక చెప్పిన మాట యది. నా నోట తేలికగా వచ్చిన యొక తప్పు వ్యుత్పత్తి మఱియొకని పరిశోధనకు పునాది యగుట చూచిన పిదప, ఆ పదచరిత్రను మొదటినుండి పరిశీలించుట నాకు కర్తవ్యమైనది.

ముందుగా మిథ్యావాదమును పరిష్కరింతము. సంస్కృతమున ‘మిథ్’ ధాతువునకు ఎదురుపడుట, పరస్పరము తాకుట, విరోధించుట యను నర్థములు కలవు. పరస్పరమను నర్థమున ‘మిథః’, జంట యను నర్థమున ‘మిథునము’ ఈ కుదురునకు చెందినవే. వైదికభాషలోని ‘మిథుయా’ యను నవ్యయమునకు విపరీతముగా, తప్పుగా నని యర్థము. ‘మిథ్యా’ దానికి జ్ఞాతి. అనగా నీ శబ్దమునందలి మూలభావము కథయు కాదు, వాక్కును కాదు. ఒకదానికొకటి యెదురగుట, తాఱుమాఱగుట.

ఇక గ్రీకుశబ్దము. గ్రీకుభాషలోని థకారము సామాన్యముగా సంస్కృతమున ధకారమునకు సమానమై యుండును. గ్రీకున ‘మెథు’ యనునది సంస్కృతమున ‘మధు’. గ్రీకున ‘థూమొస్’ యనునది ‘ధూమము’. ‘మూథొస్’ శబ్దమునకు సంస్కృతమున సోదరశబ్దమే యుండినచో నందు ధకార ముండవలెను గాని థకార ముండరాదు. అచ్చులును పొసగవు: గ్రీకు దీర్ఘ ఊకారమునకు సంస్కృతమున హ్రస్వ ఇకారము రాదు. మనము వినుచున్న ‘మి’ యనునది ఆంగ్లోచ్చారణ ప్రసాదించినది. గ్రీకుల నోట నది లేదు. కావున నీ రెండు శబ్దములకు చుట్టఱికము లేదు. ‘మూథొస్’ గ్రీకుభాషకు పూర్వ మా దేశమున వ్యవహారమందుండిన భాషనుండి వచ్చి చేరినదై యుండవచ్చునని నిఘంటుకారులలో కొందఱి యభిప్రాయము. ధ్వనిసామ్యమునకు లోబడినవారిలో మనము మొదటివారము కాము. ఇటలీదేశపు మహాపండితుడు వీకో యంతవాడు ‘మూథొస్’ నుండియే మూగ యను నర్థము గల లాటిన్ శబ్దము ‘మూతుస్’ పుట్టినదని నమ్మెను.

వ్యుత్పత్తి యట్లుండ, ప్రయోగము మఱింత స్పష్టముగా మాటాడుచున్నది. హోమరు కావ్యములలో ‘మూథొస్’ అనగా మాట, పలుకు, ఆజ్ఞ, సభలో నిలిచి చేయు ప్రసంగము. ఇలియడ్ తొమ్మిదవ సర్గమున వృద్ధుడైన ఫీనిక్స్, అకిలిస్‌ను మాటలందు వక్తగను, పనులందు కర్తగను తీర్చిదిద్దుటకే తన్ను పంపిరని చెప్పును. అచ్చటి ‘మాట’కు వాడబడినది ఈ శబ్దమే. అసత్యచ్ఛాయ యందు లేదు. పైగా నది యధికారము గలవాని పలుకు. హోమరుభాషను పరిశీలించిన రిచర్డ్ మార్టిన్ తన 1989 నాటి గ్రంథమున ఈ యంశమునే విపులముగా నిరూపించెను.

హేసియడ్ కవి యొద్ద పరిస్థితి యింకను విచిత్రముగా నున్నది. తాను గొఱ్ఱెలు కాచుకొనుచుండగా వాగ్దేవతలు వచ్చి తనతో పలికిన పలుకును ఆతడు ‘మూథొస్’ అనును. మానవజాతి బంగారుయుగమునుండి యినుపయుగమునకు దిగజాఱిన కథను, నేడు మన మందఱము ‘మిథ్’ అని పిలుచు దానినే, ఆతడు ‘లొగొస్’ అని పేర్కొనును. ఇనుపయుగము, బంగారుయుగము గాథ యనియు, తర్కము లొగొస్ అనియు మనము చేసికొన్న విభజన ఆ కవికి తెలియదు. గాథకును హేతువునకును జన్మవైరమని పాఠ్యగ్రంథములు చెప్పు మాట తరువాతి కాలపు కల్పన.

ఆ వైరము ఎప్పుడు మొదలైనది? క్రీస్తుపూర్వము అయిదవ శతాబ్దిలో హెరోడోటస్ తన విపులగ్రంథమంతటిలో ఈ శబ్దమును రెండుసారులు మాత్రమే వాడెను. భూమిని చుట్టి ప్రవహించు మహాసముద్రమును గూర్చిన మాట యొకటి. ఈజిప్టువారు హెరక్లీస్‌ను బలి యీయబోయిరని గ్రీకులు చెప్పుకొను కథ రెండవది. రెండును ఆతడు నమ్మనివే. సభాస్తంభముకడ నిలిచి పలికిన పలుకు, నమ్మరాని మాటగా మాఱుట కిది తొలి సాక్ష్యములలో నొకటి. ఆతని వెనుక వచ్చిన తుసిడిడీస్ తన చరిత్రయందు గాథాధోరణి లేకుండుటచే వినువారికి చెవియింపు తక్కువ కావచ్చునని ముందే చెప్పుకొనెను. చరిత్ర యను శాస్త్రము తన హద్దురాళ్లను పాతుకొనుటకు గాథను వెలివేయవలసి వచ్చెనన్నమాట.

ఇక సమాసములోని రెండవ భాగము. గ్రీకున ‘పొయియేన్’ అనగా చేయుట. కుమ్మరి కుండను చేసినను, శిల్పి ప్రతిమను చేసినను, కవి కావ్యమును చేసినను క్రియ యొకటే. కవికి వారి భాషలో పేరు ‘చేయువాడు’. మన ‘కవి’ శబ్దమునందు ద్రష్ట యను భావము ప్రధానము. వారి శబ్దమునందు కర్తృత్వము ప్రధానము. మనయందు కర్తృభావము లేకపోలేదు. నేర్పరియైన పనివాడు రథమును చెక్కినట్లు తాము సూక్తములను చెక్కితిమని ఋగ్వేదకవులే చెప్పుకొనిరి. తరువాతి మీమాంసకులు వేద మపౌరుషేయమను సిద్ధాంతమును నిలుపుటతో ఋషి మంత్రమునకు ద్రష్టయే గాని కర్త కాడను మాట స్థిరపడినది. చూచుట, చేయుట యను నీ రెండింటి నడుమ తగవు ఇరుదేశములందును కలదు.

ఈ రెండు భాగములను జోడించి గాథాకర్త యను నర్థమున ‘మూథొపొయొస్’ అను సమాసమును ప్లేటో తన ‘రిపబ్లిక్’ రెండవ భాగమున వాడెను. సందర్భ మెఱుగదగినది. నగరరక్షకులు కాబోవు బాలురకు చెప్పదగిన కథలేవి, చెప్పరానివేవి యను చర్చలో గాథాకర్తలపై పర్యవేక్షణ ముండవలెనని ఆతడు శాసించెను. దాదులును, తల్లులును పిల్లలకు చెప్పు కథలను గూడ నందు చేర్చెను. ఈ సమాసము మన కంటబడు తొలి ప్రసిద్ధస్థలములలో నొకటి నియంత్రణను గూర్చినది యగుట యాదృచ్ఛికము కాదు. కథలు నిష్ప్రయోజనములని ఆతడు తలచియుండినచో కావలి పెట్టనక్కఱలేదు. అవి మనుష్యులను తీర్చిదిద్దునని నమ్మినవాడే వానిని చూచి భయపడును. గాథాకర్తలను శంకించిన యా ప్లేటోయే తానును గాథలను చేసెను. మరణించి మరలివచ్చిన యేర్ కథతో ‘రిపబ్లిక్’ ముగియును. ‘ఫీడో’లో, చెఱసాలయందు చివరి దినములు గడపుచున్న సోక్రటీస్, కవి కాదలచినవాడు వాదములను గాక గాథలను చేయవలెనని తలచి, ఈసపు కథలకు పద్యరూప మిచ్చితినని చెప్పును.

అరిస్టాటిల్ ఈ భయమును తొలగించెను. ఆతని కావ్యశాస్త్రమున ‘మూథొస్’ అనగా ఇతివృత్తము, నాటకమునకు ప్రాణము. కవి ఛందస్సులను చేయుటవలన గాక ఇతివృత్తములను చేయుటవలననే కవి యనిపించుకొనునని ఆతడు తీర్మానించెను. గురువు కావలి పెట్టిన పనిని శిష్యుడు కవిత్వలక్షణముగా నిలిపెను. ‘మిథొపియా’ యొక్క మూలరూపమైన ‘మూథొపొయియా’ ఈ రెండు దృష్టుల నడుమ నూగుచు తరువాతి గ్రీకువాఙ్మయమున నిలిచినది.

ఇచ్చట నొకమాఱు మన భాషవైపు చూతము. గాథను సూచించు లాటిన్ శబ్దము ‘ఫబూలా’ యనునది పలుకుట యను నర్థము గల ధాతువునుండి పుట్టినది. అనగా నదియు ‘మాట’యే. పిదప నదియు కట్టుకథ యను నర్థమునకు దిగినది. తెలుగున నమ్మరాని కథను ‘పుక్కిటి పురాణము’ అందుము. ‘వాకిలి’ ‘వాకిటి’ యైనట్లు ‘పుక్కిలి’ ఔపవిభక్తికరూపమున ‘పుక్కిటి’ యగును. తాళపత్రమున గాక పుక్కిటనుండి, అనగా నోటినుండి వచ్చిన పురాణమని యర్థము. మూడు భాషలును వేఱు, కాలములును వేఱు. త్రోవ మాత్ర మొక్కటే. నోటి మాటగా నుండినది నమ్మరాని మాట యైనది. వ్రాత ప్రమాణమైన సమాజమున నోరు ప్రమాణము కాకపోవుటయే దీనికి కారణమని నా యూహ. ఈ నిందలో కథయొక్క దోషముకన్న, కథను తీర్పు తీర్చువాని స్థాన మెక్కువగా తెలియుచున్నది.

చేయుట యను నర్థమునకును మనకు చక్కని తోడు కలదు. తెలుగున పాట ‘కట్టు’దురు, పదము ‘కట్టు’దురు, ఇల్లును ‘కట్టు’దురు. అది ప్రశంస. అదే క్రియతో నేర్పడిన ‘కట్టుకథ’ నింద. తమిళ, కన్నడభాషలందును ఈ సమాస మిదే యర్థమున కలదు. ‘కల్పన’ శబ్దము నిట్టిదే. ‘క్ళప్’ ధాతువునకు కుదురుట, అమరుట యని మూలార్థము. ధాత సూర్యచంద్రులను మునుపటివలెనే యమర్చెనని చెప్పు ఋగ్వేదసూక్తమున ఈ ధాతువే వాడబడినది. నేడు న్యాయస్థానమున ‘ఇది కల్పన’ యన్నచో నబద్ధమని యర్థము. సాహిత్యసభలో ‘ఏమి కల్పన!’ యన్నచో మెప్పు. చేతిపనిని మెచ్చుకొను భాషయే చేసిన మాటను శంకించును. గ్రీకు సమాసమునందలి ద్వైధీభావము మనకు క్రొత్త కాదు.

ఆధునిక యూరపునకు వత్తము. వీకో 1725 లో తొలిసారి ప్రకటించిన ‘నూతనశాస్త్రము’నందు ఆదిమానవులు స్వభావముచేతనే కవులనియు, గ్రీకున కవి యనగా చేయువాడనియు, గాథలు వారు తమ లోకమును గ్రహించిన విధానమనియు వాదించెను. మూగశబ్దమును గూర్చి తప్పు చెప్పినను, గాథ మొదట సత్యకథనముగానే యెంచబడెనని ఆతడు చెప్పినది హోమరు ప్రయోగమునకు సమీపముగా నున్నది. జర్మనీలో గటింగెన్ పండితుడు హైనె (1729–1812) కట్టుకథ యను వాసన సోకిన ‘ఫబూలా’ను విడిచి గ్రీకుశబ్దమునే మరల వాడుకకు తెచ్చెను. పరిశోధనకు యోగ్యమైన విషయమునకు నిందావాచకమైన పేరు తగదని ఆతడు గ్రహించెను. పేరు మార్చుట యొక్కొక్కప్పుడు శాస్త్రమునకు ద్వారము తెఱచుట యగును.

ఆంగ్లమున దీని విశేషణరూపమును ప్రచారమునకు తెచ్చినవారిలో ముఖ్యుడు జార్జి గ్రోట్. 1846 నుండి 1856 వఱకు పండ్రెండు సంపుటములుగా వెలువడిన తన గ్రీసుదేశచరిత్రలో ఆతడు గాథాకల్పనయుగమను భావమును నిలిపెను. నిశ్చితమైన చరిత్రను క్రీస్తుపూర్వము 776 నాటి ఒలింపిక్ క్రీడలతో ప్రారంభించి, అంతకు పూర్వపు కథలను గాథలుగానే చెప్పెను. అద్భుతములను తీసివేసి మిగిలినది చరిత్ర యనుట ఆతనికి సమ్మతము కాదు. క్రీస్తుపూర్వము 300 ప్రాంతమున దేవత లందఱును పూర్వకాలపు రాజులే యని వ్రాసిన యూహెమెరస్ త్రోవ యది. గ్రోట్ దానిని నిరాకరించి, తెఱ తీసి చిత్రమును చూపుమనగా తెఱయే చిత్రమని బదులిచ్చిన చిత్రకారుని కథను తన పక్షమున ఉదాహరించెను.

మాక్స్ మ్యూలర్ 1856 లో ప్రకటించిన తులనాత్మకగాథాశాస్త్రవ్యాసము వేఱొక మార్గము త్రొక్కినది. ప్రకృతిని వర్ణించు పదముల మూలార్థము మఱవబడగా, అవి దేవతల పేర్లై గాథలు పుట్టెననియు, కావున గాథ భాషకు సోకిన యొక విధమైన వ్యాధి యనియు ఆతడు చెప్పెను. ఋగ్వేదమును సాయణభాష్యముతో ముద్రించి ప్రపంచమున కందించిన పండితుడే గాథను వ్యాధి యనుట మనకు కొంత కష్టముగా తోచును. ఆతని సిద్ధాంతమున చేయువాడు మాయమైనాడు. గాథ తనంత తాను, పొరపాటున, పుట్టుచున్నది. ‘పొయియేన్’ అను భాగమును విడిచినచో గలుగు లోప మిదియే.

ఆ భాగమును మరల ముందునకు తెచ్చినవాడు భాషాశాస్త్రజ్ఞుడే యైన టోల్కీన్. 1931 సెప్టెంబరు 19 వ తేదీ రాత్రి ఆక్స్‌ఫర్డ్‌లో సి. ఎస్. లూయిస్, హ్యూగో డైసన్ అను మిత్రులతో ఆతడు గాథలను గూర్చి చాల ప్రొద్దుపోవు వఱకు వాదించెను. గాథలు అందమైనవైనను నసత్యములే యని నాటి లూయిస్ పక్షము. దానికి సమాధానముగా టోల్కీన్ వ్రాసిన పద్యమునకు ‘మిథొపియా’ యనియే పేరు. గాథాప్రియుడు గాథాద్వేషికి వ్రాసినట్లు దానిని సంబోధించెను. సృష్టికర్తచే సృజింపబడిన మానవుడు తానును ఉపసృష్టి చేయుట సహజమని దాని సారము. ఆతడు 1973 లో మరణించిన పిదప, 1988 లో నది యచ్చైనది. గాథ భాషకు వ్యాధి యనుటకన్న భాషయే గాథకు వ్యాధి యనుట మేలని ఆతడు మ్యూలర్ మాటను తలక్రిందులు చేయుటయు కలదు. ఈ నడుమ 1946 లో ఫ్రాంక్‌ఫర్ట్ మొదలగు పండితులు షికాగోనుండి ప్రకటించిన గ్రంథమున, ప్రాచీన ఈజిప్టు, మెసపొటేమియా ప్రజల చింతనవిధానమునకే ఈ విశేషణమును వాడిరి: మనము ‘అది’ యను ప్రకృతిని వారు ‘నీవు’ అని పలుకరించిరట.

ఈ చరిత్రవలన మన పరిశోధనకు కలుగు ప్రయోజన మేమి? ఒక యుదాహరణమును తీసికొందము. గోలకొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా (1672–1687) కాలమున పాల్వంచ తహసీలుదారుగా నుండిన కంచెర్ల గోపన్న, ప్రభుత్వమునకు చేరవలసిన సొమ్ముతో భద్రాచలమున రామాలయము నిర్మించి చెఱసాల పాలయ్యెననియు, రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ యను పేర్లతో రాత్రివేళ నవాబునొద్దకు వచ్చి బాకీ చెల్లించి రసీదు పుచ్చుకొనిరనియు జనులు చెప్పుకొందురు. మిథ్యావాది దీనిని వినగానే ‘జరుగలేదు’ అని ప్రక్కన పెట్టును. యూహెమెరస్ శిష్యుడు ‘ఎవరో యిద్దఱు ధనికులు చెల్లించియుందురు’ అని సరిపెట్టును. ఇద్దఱకును కథ చేజాఱినది.

చేసినవాని వైపునుండి చూడుడు. దేవుడు ఖడ్గముతో రాలేదు, విశ్వరూపము చూపలేదు. సర్కారు ఉద్యోగులకు తగిన పేర్లతో వచ్చి, లెక్క చూచి, నాణెములు పోసి, రసీదు పుచ్చుకొనెను. శిస్తులు, బకాయీలు, చెల్లుబడులతో బ్రతికిన సమాజము కట్టిన గాథ యిది. మూడు చిక్కుముడులను ఒక్కమాఱే విప్పుచున్నది: భక్తుడు దొంగ కాడు, ఏలిక అధర్మపరుడు కాడు, ఆలయము ఋణగ్రస్తము కాదు. గాథ యంతటితో నాగలేదు. తానీషా నాటినుండి వచ్చినదని చెప్పుకొను ముత్యాల తలంబ్రాలను శ్రీరామనవమి కల్యాణమునకు ప్రభుత్వపక్షమున సమర్పించు నాచారము నేటికిని కలదు. ఆ రాత్రి యేమి జరిగినదో ఈ గాథ చెప్పదు. పరమత ప్రభువు క్రింద కొలువు చేయుచు తమ దేవుని కొలుచుకొన్న తెలుగువారు ఏ విధమైన న్యాయమును కోరుకొనిరో చెప్పును. అది చరిత్ర కాదనుటకు వీలులేదు.

మన పూర్వులకు ఈ విచక్షణ తెలియనిది కాదు. ఇదమిత్థమని వక్త తెలియక పరంపరగా వచ్చు వాక్కును నైయాయికులు ‘ఐతిహ్యము’ అనిరి. అది ప్రత్యేకప్రమాణమా, శబ్దప్రమాణమున నంతర్భూతమా యని వాదించిరి, విచారింపక త్రోసివేయలేదు. పురాణశబ్దమునకు పూర్వము నూతనమైనది యను భావమున యాస్కుడు నిర్వచనము చెప్పెను. ప్రతి పాతకథయు నొకనా డెవరో క్రొత్తగా కట్టినదే యను మెలకువ యందు కలదు.

కావున నీ పదమునకు తెలుగున నేమందము? ‘మిథ్యాకల్పన’ తప్పు వ్యుత్పత్తిపై నిలిచి, పరిశోధన మొదలు కాకమునుపే తీర్పు చెప్పుచున్నది. ‘పురాణరచన’ యన్నచో నష్టాదశపురాణములు స్ఫురించును. ‘కట్టుకథ’ యందు నింద ముదిరినది. ‘పురాగాథాసృష్టి’ కొంత మేలు; గాని గాథలు పూర్వకాలముననే పుట్టినవను భ్రమను ‘పురా’ యను భాగము కలిగించును. రామదాసు కథ మూడువందల యేండ్లకు కొంత పైబడినది మాత్రమే. ‘గాథాకల్పనము’ అనుట యుక్తమని నా యభిప్రాయము. ‘గాథ’ గానార్థకమైన ధాతువునుండి వచ్చినది. ‘మూథొస్’ వలె నదియు నోటినుండి వెలువడునదే. ‘కల్పనము’ అమర్చుట, చేయుట. ‘పొయియేన్’ అర్థము నది మోయగలదు. మెప్పునకును శంకకును తావిచ్చు గుణ మా రెంటికిని సమానము.

ఆ విద్యార్థి తన తొలి ప్రకరణమును మరల వ్రాసికొని వచ్చెను. ‘అసత్యములే యైనను’ అను మాట అందు లేదు. దానికి బదులుగా, తన గ్రామమున పోలేరమ్మ కథను చెప్పు ముగ్గురు వృద్ధుల కథనములలోని భేదములను వరుసగా పట్టిక వేసి, ఏ భేద మెవరి వీథికి చెందినదో గుర్తించియుండెను. కట్టినవారి చేతిజాడ యప్పుడు కానవచ్చినది. రానున్న సంవత్సరమున నేనును తరగతిలో ఆ పాఠమును సవరించి చెప్పవలసియున్నది.